పదిహేడో చీటీ

నరీన్ పట్నం అంచున ఉన్న బడిలో, ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం చివరి పరీక్షకు సన్నాహాలు సంతృప్తికరంగా ముగిశాయని ఇందుమూలంగా తెలియజేయడమైనది. పరీక్ష చేయడానికి వచ్చే కమిషన్ వారి భోజనానికి గొర్రెను కోశారు. పిండి బూర్సోకులు నూనెలో వేయించారు. ప్రశ్నల చీటీలు కూడా రాశారు. చీటీలు ఇరవై నాలుగు, పిల్లలూ ఇరవై నలుగురే. అంతా దేవుడి దయ.

పద్ధతి పాతదే. చీటీలు బల్ల మీద బోర్లిస్తారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఒకటి తీసి, అందులోని ప్రశ్నకు కమిషన్ ముందు నోటితో జవాబు చెప్పాలి. ఇరవై నాలుగు జవాబులు లేత బుర్రలకు బరువని సైరాగుల్ టీచరు తలకొకటి పంచింది. రెండు నెలలు ఎవరి జవాబు వాళ్లు వల్లించారు, ఎవరి చీటీ ఎడమ నుంచి ఎన్నోదో కూడా. కమిషన్ వారికి శ్రమ లేకుండా నమోదు పుస్తకం ముందురోజే నిండింది: పేరు, చీటీ, చెప్పిన జవాబు, అయిదుకు అయిదు.

చిక్కల్లా ఉల్కన్‌తోనే. ఆ పిల్ల పుస్తకమంతా చదివేసింది.

"ఎవరు చదవమన్నారే నిన్ను?" అంది సైరాగుల్.

"పరీక్ష కదా టీచర్."

"అందుకే చెబుతున్నా. నీది పదిహేడు, కుటుంబం. మిగతావి మరిచిపో. ఊళ్లోవాళ్ల ప్రశ్నలతో నీకేం పని?"

"వేరేది వస్తే?"

"ఎలా వస్తుందే? అదేమైనా వానా, చెప్పకుండా రావడానికి?"

ఉల్కన్‌కు అయిదుకు అయిదు వస్తే బిష్కెక్‌లో పెద్ద బడిలో చోటుంది. రాకపోతే మేనమామ మంద వెంట కొండెక్కాలి. ఆ సంగతి సైరాగుల్‌కూ తెలుసు. కాబట్టే పదిహేడో జవాబును తనే అందంగా రాసిచ్చింది.

పరీక్ష రోజు కమిషన్ పెద్ద బాతమకాన్ వచ్చి, వేసిన కుర్చీలో కూర్చుంది. హెడ్మాస్టరు కుబాత్ మొహం పాలిపోయింది. కుర్చీ గుమ్మం పక్కన ఉంది.

"వచ్చిన పెద్దమనిషిని చెప్పుల దగ్గర కూర్చోబెడతారటయ్యా? మా తాతలు గోరీల్లోంచి లేచొస్తారు. అక్కయ్యగారూ, మీ చోటు గుమ్మానికి ఎదురుగా, అవతల," అన్నాడు.

కుర్చీలు బల్లకు అవతలి వైపు చేరాయి. మర్యాద నిలిచింది. చీటీలను ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలు మాత్రం ఇప్పుడు ఇటువైపు నుంచి రావాలి. ఎడమ కుడి అయింది, మొదటిది ఆఖరిదయింది. సైరాగుల్‌కు అది వెలిగేసరికి మొదటి కుర్రాడు 'పన్నులు ఎందుకు కట్టాలి?' అన్న చీటీ తీసి, రాజ్యాంగం గురించి గడగడా అప్పజెప్పేశాడు. బాతమకాన్ నమోదులో చూసుకుంది. రాజ్యాంగం. సరిపోయింది. అయిదు.

అలా పదహారు మంది తమ ప్రశ్నలతో నిమిత్తం లేకుండా ఉత్తీర్ణులయ్యారు.

ఉల్కన్ ఎనిమిదోది తీసింది. 'కళ్లముందు అన్యాయం జరిగితే పౌరుడు ఏం చేయాలి?' ఆ పిల్ల దాన్ని చదివింది. తరగతిలో ఇంకెవరికీ తట్టని పని.

"లేచి చెప్పాలి. చెప్పినవాళ్లకి నష్టమొచ్చినా సరే," అంది.

బాతమకాన్ కళ్లజోడు దించింది. "నీది కుటుంబం కదమ్మా?"

"చీటీలో అది లేదండీ."

"చీటీలో ఏముంటేనేం తల్లీ, నమోదు పుస్తకంలో ఉంది. ఏమ్మా సైరాగుల్, ఈ పిల్ల తయారు కాలేదా?"

ఉల్కన్ టీచరు వంక చూసింది. సైరాగుల్ బల్ల వంక చూసింది. నిజం చెప్పాలంటే ఇరవై నాలుగు చీటీల కథా చెప్పాలి.

"తయారు కాలేదండీ," అంది.

నమోదులో అయిదు కొట్టేసి మూడు వేశారు. మిగిలిన ఏడుగురూ తడుముకోకుండా అప్పజెప్పారు. ఒక్క పిల్ల తప్ప తరగతంతా ఉత్తమ పౌరులని బాతమకాన్ భోజనాల దగ్గర కొనియాడింది. సైరాగుల్‌కు ప్రశంసాపత్రం సిఫారసు చేసింది.

ఎనిమిదో చీటీకి ఆ గదిలోని పెద్దలందరూ ఎవరూ లేవకుండానే ఒకే జవాబు చెప్పారు. పుస్తకం చూడలేదు, తడుముకోలేదు. ఇంత బాగా వల్లించడానికి ఎవరికైనా ఒక్క పరీక్ష చాలదు. మీకూ నాకూ లాగే ఏళ్లు పట్టి ఉంటుంది.