చదవనివారి ఏకగ్రీవం

‘నీడలు మేపే పిల్లాడు’ అనే పిల్లల అద్భుత కథల మాల మంచి రచన అవునా, కాదా అన్న సంగతిని శాశ్వతంగా తేల్చివేసేందుకు నగర సాహిత్య మండలి ఒక నిర్ధారణ సంఘాన్ని నియమించినట్లు పాఠకులందరికీ తెలియజేయడమైనది. ఏడు భాగాలు వెలువడి, లక్షల ప్రతులు అమ్ముడుపోయి, పిల్లల సంచుల మీదా నీళ్ళ సీసాల మీదా చివరికి దిండు గలీబుల మీదా ఆ పిల్లాడి బొమ్మ ఎక్కాక కూడా ఈ ప్రశ్న తేలకుండా ఉండిపోవడం నాగరిక సమాజానికి తగదని మండలి భావించింది.

సంఘంలో చేరడానికి అర్హత ఒక్కటే. సభ్యుడు ఆ పుస్తకాలలో దేన్నీ చదివి ఉండరాదు. చదివినవాడికి అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఏర్పడినవాడు నిష్పక్షపాతంగా ఉండలేడు. ఈ నియమంలోని న్యాయం పెద్దలందరికీ చెప్పీచెప్పకముందే బోధపడింది.

అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన అధికారి. నగరంలో దోమలు లేవని తేల్చిన సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. ఆ సమావేశాలు దోమతెరలో జరిగాయని గిట్టనివాళ్ళు అంటారు. రెండో సభ్యుడు ఆ పుస్తకాలను అచ్చువేసిన ప్రచురణకర్త. వాటి మంచిచెడ్డల మీద ఆయనకున్నంత పట్టింపు మరెవరికి ఉంటుందన్న వాదానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. తాను ఒక్క పేజీ కూడా చదవలేదని ఆయన గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పాడు. ఆయన చెప్పే మాటల్లో అందరూ నమ్మినది అదొక్కటే. మూడో సభ్యుడు కవి. తన కవితలు తప్ప మరేదీ చదవకూడదన్న నియమాన్ని యౌవనం నుంచీ పాటిస్తున్న నిష్ఠాపరుడు.

నాలుగో సభ్యుడు విమర్శకుడు. నీడల పిల్లాడిని ఆయన అంతకుముందే పత్రికలో చీల్చి చెండాడాడు. అట్ట వెనకవైపున్న నాలుగు వాక్యాలే ఆ వ్యాసానికి ఆధారం. లోపలికి వెళ్ళి ఉంటే అంత నిష్కర్షగా రాయగలిగేవాడు కాదని, సంయమనమే ఆయన బలమని మండలి ప్రశంసించింది.

ఆయన కూడా ఒక గ్రంథం రాశాడు. వాక్యానికీ విలువకూ గల సంబంధాన్ని గురించిన ఆ గ్రంథం అచ్చయిన నాటినుంచీ ఆయన మంచం కిందే ఉంది. దాన్నెవరూ కొనకపోవడం మొదట్లో ఆయనను బాధించింది; తరువాత ఓదార్చింది; చివరికి ఒక ప్రమాణమై కూర్చుంది. జనం మెచ్చినది మంచిది కాజాలదు. కనుక జనం మెచ్చనిది మంచిదై ఉండాలి. జనం మెచ్చినదే మంచిదని వాదించేవాళ్ళను చూసి ఆయన జాలిపడేవాడు. ఉభయులూ లెక్కపెడుతున్నవి అవే తలకాయలని, ఒకరు పై నుంచి, ఒకరు కింది నుంచి మొదలుపెట్టారని మాత్రం ఆయనకు తట్టలేదు. తట్టి ఉంటే గ్రంథాన్ని తిరగరాయవలసి వచ్చేది.

ఇంత భద్రమైన జీవితంలోకి చిక్కు తెచ్చినది మనవరాలు. తొమ్మిదేళ్ళ పిల్ల.

“తాతయ్యా, నీడల పిల్లాడు బాగాలేదని పేపర్లో రాశావట?”

“రాశాను.”

“అయితే చెప్పు. మూడో భాగంలో నీడలు ఎందుకు తిరగబడ్డాయి?”

“అది అప్రస్తుతం.”

“అంటే తెలీదు.”

“అంటే అప్రస్తుతం.”

“మా టీచర్ కూడా అంతే. తెలీకపోతే సిలబస్‌లో లేదంటుంది.”

విమర్శకుడు ఆ మధ్యాహ్నం గది తలుపు గడియ పెట్టుకున్నాడు. మనవరాలి పుస్తకానికి ఒక తత్త్వశాస్త్ర పత్రిక అట్ట తొడిగి, సంఘ నియమాన్ని ఉల్లంఘించి, మొదటి పేజీ తెరిచాడు.

మొదటి భాగం నీళ్ళు కలిపిన పాలలా సాగింది. కొండవాలు మీద ఊరివాళ్ళ నీడల్ని మేకల్లా మేపుకొచ్చే పిల్లాడు ఒకరోజు తన నీడనే పోగొట్టుకుంటాడు. సాయంత్రం ఇంటికి వెళ్తే తల్లి గుర్తుపట్టదు. అయినా గుమ్మంలో నిలబడ్డ ఆ పరాయి పిల్లాడిని ఎగాదిగా చూసి, “ఎవరి బిడ్డో, ఆకలి మీదున్నాడు” అని లోపలికి పిలిచి, కొడుకు కోసం తీసిపెట్టిన పళ్ళెమే అతని ముందు పెడుతుంది. పిల్లాడు తను ఎవరో చెప్పకుండా తింటాడు. అంతే. ఒకే ఒక్క పేజీ. దాన్ని తిప్పడానికి విమర్శకుడికి చాలాసేపు పట్టింది. మంచం కింది గ్రంథంలో అలాంటి పేజీ ఉందా అని ఆలోచించాడు. వంగి వెతకవలసిన అవసరం లేకుండానే జవాబు తెలిసింది.

రెండో భాగంలో పాత్రలందరి కళ్ళూ మెరిశాయి. మూడో భాగంలో అందరూ ఉలిక్కిపడ్డారు. మెరవడం మానకుండానే ఉలిక్కిపడ్డారు. ప్రతి అధ్యాయం చివరా ఎవరో తలుపు తట్టారు. నాలుగో భాగంలో తలుపులు అయిపోయి, రచయిత కిటికీలు తట్టించాడు. వారం తరువాత ఏడో భాగం ముగిసేసరికి విమర్శకుడికి ఒక అభిప్రాయం ఏర్పడింది: గొప్ప పేజీ ఒకటి, ఫరవాలేని పేజీలు కొన్ని, మిగిలినది కాగితం. లక్షలమంది మెచ్చడం వల్ల ఆ కాగితం బాగుపడలేదు, ఆ ఒక్క పేజీ చెడిపోనూ లేదు. జీవితంలో మొదటిసారి పుస్తకం చదివి ఏర్పరచుకున్న అభిప్రాయం అది. దానికి నగరంలో ఏ వర్గంలోనూ చోటు లేదు.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర గొంతు తగ్గించి మనవరాలికి చెప్పాడు.

“చదివాను. అమ్మ పళ్ళెం పెట్టే చోటు చాలా బాగుంది. మూడోది మాత్రం బాగాలేదు.”

పోట్లాటకు వస్తుందనుకున్న పిల్ల అటూ ఇటూ చూసి ముందుకు వంగింది.

“నాకూ నచ్చలేదు తాతయ్యా. సగంలో నిద్రొచ్చింది.”

“మరి సూపర్ సూపర్ అని గెంతావు కదా?”

“అందరూ గెంతారు.”

“వాళ్ళకి నచ్చిందా?”

“ఏమో, అడగలేదు. అలా అడిగితే నీకు నచ్చలేదా అంటారు.”

పుస్తకం గురించి తాను విన్నవాటిలోకెల్లా సూటిమాట అదేనని విమర్శకుడికి అనిపించింది. ఉత్సాహం పట్టలేకపోయాడు.

“నీకేమనిపిస్తే అది చెప్పాలి తల్లీ. పక్కవాళ్ళ మొహాలు చూసి చెప్పేది అభిప్రాయం కాదు, చప్పట్లు.”

పిల్ల ఆ మాటను నమ్మింది. పెద్దవాళ్ళ మాటలు మాట్లాడటానికి ఉద్దేశించినవే తప్ప నమ్మడానికి కాదని ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మర్నాడే బడిలో మూడో భాగం బోరు అని ప్రకటించింది. మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళకు బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు అవతలి చివరకు జరిగారు. విరామంలో అందరూ నీడలూ కాపరీ ఆట ఆడుకున్నారు. నువ్వు కూడా ఒక నీడవి అని అనేవాళ్ళే ఆమెకు లేకపోయారు. ప్రజాభిప్రాయానికి అంత చిన్న వయసులోనే అంత చక్కని క్రమశిక్షణ అబ్బినందుకు ఆ పాఠశాలను అభినందించాలి.

డబ్బా మూత తీయకుండానే ఇంటికి రావడం మొదలైంది. పిల్ల తల్లి, అంటే విమర్శకుడి కూతురు, ఆ డబ్బా తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టింది.

“నాన్నా, దానికేం నూరిపోశారు మీరు?”

“నిజం చెప్పమన్నానమ్మా.”

“మీరు ఎక్కడైనా చెప్పారా?”

విమర్శకుడు కళ్ళజోడు సర్దుకున్నాడు.

“పోనీ, దాన్నేం చేద్దాం? క్లాసులో ఒక్కతే కూర్చుంటోంది. అది ఏడవడం లేదు, అదే నాకు భయంగా ఉంది.”

తలుపు చాటునుంచి మనవరాలు వచ్చింది. “తాతయ్యా, నీకు మీటింగ్ ఉంది కదా. అక్కడ చెప్తావా మూడోది బాగాలేదని? నువ్వు చెబితే పేపర్లో వస్తుంది. అప్పుడు నేనొక్కదాన్నే కాదని తెలుస్తుంది వాళ్ళకి.”

“చెప్తాను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

తుది సమావేశం జరిగిన గదిలో కొత్త కుర్చీలకు ప్లాస్టిక్ తొడుగులు ఇంకా విప్పలేదు. ఎవరు కదిలినా అవి కరకరమంటున్నాయి. గుసగుసలాడుకున్నా వినిపించే ఆ గదిలో నలుగురి కోసం మైకు అమర్చారు.

ప్రచురణకర్త లేచాడు. “మహాశయులారా! లక్షలమంది పొరపాటు పడతారా? ఒక్కడు పొరపాటు పడవచ్చు. ఇద్దరు పడవచ్చు. లక్షలమంది ఒకేసారి పడితే దాన్ని పొరపాటు అనరు, చరిత్ర అంటారు!”

కవి తొలి సమావేశంలో దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. లక్షలమందికి అర్థమైనది కవిత్వం కాదని బల్ల గుద్ది చెప్పాడు. ఈ మధ్యలో ప్రచురణకర్త ఆయన సమగ్ర కవితలను గట్టి అట్టతో తెస్తానన్నాడు. కవి మైకు దగ్గరకు జరుపుకున్నాడు. “జనహృదయమే మహాకావ్యం. దాన్ని నేను చదవలేదు, విన్నాను!”

అధ్యక్షుడు విమర్శకుడి వైపు తిరిగాడు. “మీ నిప్పుకణికలాంటి కలం ఏమంటుంది?”

విమర్శకుడు లేచాడు. కుర్చీ కరకరమంది. చెప్పవలసిన రెండు మాటలు నోటిదాకా వచ్చి ఉన్నాయి.

“మొదటి భాగంలో ఒక పేజీ ఉంది. తల్లి తన కొడుకునే గుర్తుపట్టక...”

అధ్యక్షుడు పెన్ను కింద పెట్టాడు. “పేజీయా? లోపలి పేజీయా? మీకెలా తెలుసు?”

చదివాను అని అంటే చాలు. అంటే సభ్యత్వం పోతుంది. వారం వారం పత్రికలో రాసే చోటు పోతుంది. నియమం తప్పి దొంగచాటుగా చదివాడన్న సంగతీ, చదివి మాట మార్చాడన్న సంగతీ ఒకేసారి వీధిన పడతాయి. అటు వర్గం చేర్చుకోదు, ఇటు వర్గం వెలివేస్తుంది. ఎదురుగా ముగ్గురి మొహాలు. ఆయన ఆ మొహాలను చూశాడు.

“మా మనవరాలు చెప్పింది.”

“ఓహో! పాపకు నచ్చిందా?”

“ఆ పేజీ...”

“నచ్చిందా, లేదా?”

“నచ్చింది.”

చప్పట్లు మోగాయి. బాలల హృదయమే మాట్లాడిందని, ఇక చర్చ అనవసరమని అధ్యక్షుడు ప్రకటించాడు. చేతులు లేచాయి. విమర్శకుడు పక్కకు చూస్తే అక్కడ కూడా ఒక చెయ్యి లేచి ఉంది. మణికట్టు మీది గడియారాన్ని బట్టి అది తనదేనని గుర్తుపట్టాడు. ఆ కథలు నిస్సందేహంగా మంచి రచనలేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

మర్నాడు ఆయన గదిలోంచి బయటికి రాలేదు. బడి వదిలే వేళ అయింది. పిల్ల మొహం ఎలా చూడాలో పాలుపోలేదు. క్షమించమని ఎలా మొదలుపెట్టాలో గోడవైపు తిరిగి రెండుమూడు రకాలుగా సాధన చేశాడు.

మనవరాలు పరుగున వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది.

“థాంక్యూ తాతయ్యా! పేపర్లో నా గురించి కూడా వచ్చింది. టీచర్ క్లాసులో చదివి వినిపించింది. అందరూ వచ్చి నా పక్కనే కూర్చున్నారు!”

“నీకు నచ్చలేదని చెప్పావు కదా వాళ్ళతో?”

“అదా, తమాషాకి అన్నానని చెప్పేశా.” చేతిలోని డబ్బా ఊపి చూపింది, ఖాళీగా ఉంది. “ఇవాళ ఆటలో నేనే కాపరిని.”

విమర్శకుడు సాధన చేసిన మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికి రాలేదు. పిల్ల సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్న పిల్లకు క్షమాపణ చెప్పడం ఎలాగో ఏ శాస్త్రంలోనూ లేదు.

“ఎనిమిదో భాగం కూడా తెస్తున్నారు తాతయ్యా. అన్నిటికన్నా అదే బాగుందట!”

“అచ్చయిందా?”

“లేదు, ఇంకా రాయడమే మొదలుపెట్టలేదట.”

“రాయని పుస్తకం బాగుందని ఎవరమ్మా చెప్పింది?”

మనవరాలు ఆయనను వింతగా చూసింది.

“నువ్వే కదా! ప్రకటనలో నీ ఫోటో కూడా వేశారు. చదవలేదా?”