సంబంధిత వ్యక్తి కళ్ళు

ఆ పురపాలక సంఘంలో ఏ ఫైలు మీదైనా సంతకం పెట్టేముందు అధికారి తన కళ్ళు తీసి స్టోరులో అప్పజెప్పి, సంబంధిత వ్యక్తి కళ్ళు పెట్టుకుని చూడాలి. అందుకని జనం అర్జీతోపాటు కళ్ళు కూడా ఇచ్చి వెళ్ళాలి. ఫైలు తేలాక వెనక్కిస్తారు. మంచి నియమమే. కాకపోతే ఎంత మంచి నియమానికైనా మనవాళ్ళు ఓ దొడ్డిదారి కనిపెడతారు కదా!

కాంట్రాక్టరు కూడా సంబంధిత వ్యక్తే. ఆయన కళ్ళు దూది పరిచిన డబ్బాలో, స్టోరు బల్లమీదే చేతికందేలా ఉండేవి. అర్జీదారుల కళ్ళు కావాలంటే పై అరకి నిచ్చెన వెయ్యాలి. అంచేత ఇంజనీరు పాణిగ్రాహి ఆరేళ్ళుగా ఫైళ్ళలో ఊరంతటినీ కాంట్రాక్టరు కళ్ళతోనే చూశాడు. వాటికి ప్రతి రోడ్డూ నున్నగానే కనిపించేది.

ఆ సోమవారం వచ్చిన ఫైలు, పెద్దాసుపత్రి ఎదుట డివైడర్‌లో ఉన్న సందు మూసెయ్యడం గురించి. కాంట్రాక్టరు కళ్ళేమో పక్క ఊరికి డెప్యుటేషన్ మీద వెళ్ళాయి.

"గైరమ్మ కళ్ళున్నాయి సార్. ఆ సందు మూయొద్దని అర్జీ పెట్టి పదకొండు నెలలైంది," అన్నాడు స్టోర్‌కీపర్ లింగరాజు, సీసా మీద దుమ్ము తుడుస్తూ.

"ఎవరావిడ?"

"వరండాలో కూర్చుంటాది సార్, రోజూ. మొగుడికి డయాలసిస్. ఆయన దారి చెప్తాడు, ఈవిడ మోస్తాది."

పాణిగ్రాహి విసుక్కుంటూనే ఆ కళ్ళు పెట్టుకుని ప్లాను విప్పాడు. అందులో అంగుళం గీత అరకిలోమీటరు ఎండైపోయింది. సందు మూసేస్తే, వారానికి మూడుసార్లు మొగుణ్ణి భుజానేసుకుని ఆ ఎండంతా చుట్టి రావాలి. పాణిగ్రాహికి దుఃఖం ఆగలేదు. కన్నీళ్ళు గైరమ్మవే అయినా తడిసింది ఆయన చొక్కా.

పాణిగ్రాహి వరండాలోకి వెళ్ళేసరికి గైరమ్మ ఆయన కళ్ళు పెట్టుకుని కూర్చుంది. స్టోరులో కళ్ళు ఖాళీగా ఉంచకూడదని లింగరాజే ఇచ్చాడు.

"నీ కళ్ళు ఒకటే మండిపోతన్నాయి బాబూ," అంది. "సందులోంచి బైకులు దూరి ఇద్దరు మనుషులు సచ్చిపోడం వీటికింకా కనిపిస్తంది. మూసీమనక ఇంకేటంటావు మరి."

"మీకు నడక కష్టం కదమ్మా."

"కష్టవే." వేలితో గాల్లో ఓ వంకర గీత గీసింది. "మా ఊర్ల తోటకి గేదెలు దూరకుండా వంకర దారి ఎడతారు. మనిషి తిరిగి ఎల్తాడు, గేదె తిరగనేదు. బైకూ అంతే కదేటి?"

ఫైలు మీద అలాగే రాశారు. వంకర దారి, వెడల్పు ఇద్దరు మనుషులు, అందులో ఒకరు మరొకర్ని పట్టుకుని.

స్టోరు బల్ల దగ్గర ఎవరి కళ్ళు వాళ్ళకి ముట్టాయి. గైరమ్మ ఇంటికెళ్ళాలి. కానీ పై అరకేసి చూసి ఆగిపోయింది. అక్కడింకా నాలుగువందల సీసాలున్నాయి, అన్నీ తలుపువైపే చూస్తున్నాయి. వాటి మనుషులు వరండాలో మామూలుగానే, తలుపు చప్పుడు వింటూ కూర్చున్నారు. ఎవరికీ అదేం వింత కాదు.

బల్లమీద కాంట్రాక్టరు కళ్ళు అప్పుడే తిరిగొచ్చాయి. పాణిగ్రాహి వాటిని ఓసారి చూసి, నిచ్చెన తెచ్చి గోడకి ఆనించాడు. అది ఊగింది.

"ఎక్కు బాబూ," అంది గైరమ్మ, రెండు చేతులా పట్టుకుంటూ. "నానున్నాను."