ఒడిబియ్యం మోసిన ఫట్‌ఫటి

గురువారం పొద్దున్నే అనసూయను పంపేయాలని ముందే అనుకున్నారు. బతుకమ్మ పండుగకు వరంగల్ వచ్చిన పిల్ల. అత్తవారి ఊరు పరకాలకు ఎప్పుడో వెళ్ళవలసింది. మంగళవారం మంచిది కాదని తల్లి మొగిలమ్మ ఆపింది. తర్వాత పున్నమి దాటనివ్వమంది. శుక్రవారం ఆడబిడ్డను పంపితే ఇంటి లక్ష్మి కూడా వెంట పోతుందంది. గురువారానికి మాత్రం ఎంత వెతికినా ఆమెకు ఏ దోషమూ దొరకలేదు.

గడప దాటిన మనిషి తిరిగి వస్తాడన్న నమ్మకం మొగిలమ్మకు లేదు. ఆమె తమ్ముడు భీవండి మగ్గాల మీద పనికి పోతూ "దసరాకు వస్తనక్కా" అన్నాడు. అప్పటికి అనసూయ ఇంకా పుట్టలేదు. ఇప్పటికీ మొగిలమ్మ ప్రతి దసరాకు అతని పేరు మీద రెండు గారెలు ఎక్కువ వేస్తుంది. పొద్దుగూకాక వాటిని ఆమె భర్త సిద్దిరాములు తింటాడు.

ఆ ఉదయం అనసూయకు ఒడిబియ్యం పోశారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ అన్నీ కలిపి ఒడిలో ముడివేశారు. ఆ మూట దారిలో కింద పెట్టకూడదు, ఒలకకూడదు. అత్తవారింట్లో దేవుని ముందే ముడి విప్పాలి. పోయినసారి బస్సులో ఎవరి మోచేయో తగిలి కొంత ఒలికింది. వియ్యపురాలు లచ్చవ్వ మిగిలింది చేటలో పోసి చూసుకుని, "ఇంకోసారి గిట్ల తక్కువొస్తే పిల్లను పండుగకు పంపియ్య" అని కబురు పెట్టింది. లచ్చవ్వ అన్న మాట మీద నిలబడే మనిషి. అందుకే అల్లుడు ఎల్లస్వామి ఈసారి బస్సు వద్దన్నాడు. ఫట్‌ఫటి తెచ్చాడు.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న మోటారుసైకిల్ అది. పక్కన మనిషి కూర్చోవడానికి ఒక తొట్టి ఉంది. పరకాలలో నూలు అమ్ముకునే ఎల్లస్వామి దాన్ని కొన్న కొత్తలో గతుకుల్లో బాగా ఎగిరేది. కమ్మరిని పట్టుకుని లారీ స్ప్రింగులు వేయించాడు. ఇంజను కింద చివికిపోయిన రబ్బరు దిమ్మలు తీయించి, ఇనుప పలకలు పెట్టించి, నట్లన్నీ బిగించాడు. దాంతో ఇంజను కదలడం మానేసింది. మిగతా బండి మొదలుపెట్టింది.

అతను కిక్కు కొట్టగానే గూట్లోని ఇత్తడి గ్లాసులు ఒకదాని వెనుక ఒకటి అంచుదాకా నడిచివచ్చి కిందపడ్డాయి. పక్కింటి మేక తాడు తెంపుకుంది.

"నాయినా, గిట్ల వణుకుతాందేందే?" అంది తొట్టిలో కూర్చున్న అనసూయ.

"కొత్త స్ప్రింగులు. జర కుదురుకోవాలె," అన్నాడు ఎల్లస్వామి.

అల్లునితో ఎదురుగా మాట్లాడే అలవాటు ఆ ఇంటి అత్తలకు లేదు. మొగిలమ్మ తలుపు చాటున నిలబడి తలుపుతో మాట్లాడింది. "మెల్లగ పొమ్మను."

"మెల్లగ పొమ్మంటాంది," అన్నాడు సిద్దిరాములు.

"మెల్లగనే పోతనని చెప్పు మామా."

కొత్తవాడ మూల తిరగకముందే వాళ్ళు వెనక్కి వచ్చారు. ఎల్లస్వామి వేళ్ళు తిమ్మిరెక్కి హ్యాండిలు ఎక్కడుందో తెలియలేదట. అనసూయ ఒడిముడి వదులై, వీధి పొడవునా పసుపు బియ్యం రాలింది. మొగిలమ్మ "అయ్యో" అంటూ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో మంచినీళ్ళ చెంబు మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. బయలుదేరినవాళ్ళు మధ్యలో తిరిగొస్తే కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాలి. మొగిలమ్మ నీళ్ళతో పాటు అన్నం కూడా పెట్టింది. పోయిన గుప్పెడు బియ్యానికి మూడు దోసిళ్ళు పోసి ముడి బిగించింది.

సిద్దిరాములు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జంపఖానాలు నేస్తున్నాడు. ఊగేదేదైనా ఆయన కంటికి మగ్గమే. "మగ్గం ఊగితే ఏంజేస్తం అల్లుడా? బరువు కడ్తం," అని ఇసుక సంచి తెచ్చి వెనుక సీటుకు కట్టాడు.

వెనుక బరువు పడేసరికి ముందు చక్రం తేలికైంది. ఈసారి పెద్దబజారు దాకా పోగలిగారు. అక్కడ హ్యాండిలు మగ్గంలో నాడెలాగా అటూ ఇటూ కొట్టుకుని, బండి తిన్నగా చింతపండు గంపల్లోకి పోయింది. ఇద్దరూ దాన్ని తోసుకుంటూ ఇల్లు చేరారు. రాలిన బియ్యం ఏరుకుంటూ వీధిలోని కోళ్ళన్నీ వెంట వచ్చాయి. కోళ్ళ వెనుక వాటి యజమానులు వచ్చారు.

"మొగిలవ్వా! నీ అల్లుడు బియ్యం జల్లి మా కోళ్ళను తోలుకపోతాండు, అడిగేటోళ్ళు లేరా?" అని ఎదురింటి పూలమ్మ అరుస్తూ వచ్చి, గడపలో అనసూయను చూసి ఆగింది. ఒడిబియ్యంతో బయలుదేరిన పిల్ల రెండుసార్లు వెనక్కి వచ్చింది. మొగుడి మొహం ముడుచుకుని ఉంది. పూలమ్మ గొంతు తగ్గించింది. "అయ్యో వదినా, ఇంత జరిగినా చెప్పకపోతివి. ఎప్పుడు వదిలేసిండు?"

ఆమె కోడిని చంకన పెట్టుకుని తిన్నగా కులపెద్ద రాజమల్లు ఇంటికి పోయింది. సిద్దిరాములు ఇంజను కింది ఇనుప పలకలు ఊడదీసి, వాటి జాగాలో జంపఖానా ముక్కలు మడతలు పెట్టి బిగించేలోగా, రాజమల్లు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పిల్లను ఎందుకు వాపసు తెచ్చినవు?" అని ఎల్లస్వామిని అడిగాడు.

"స్ప్రింగులు గట్టిగున్నయి పెద్దనాయినా."

"బండి సంగతి నాకెందుకు? పిల్లకేం తక్కువ?"

"బరువు తక్కువ."

రాజమల్లు చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. ఇన్నేళ్ళ పంచాయితీల్లో బరువు తక్కువని భార్యను వదిలినవాడు ఆయనకు తగల్లేదు. చివరికి తీర్పు చెప్పాడు. "తల్లి ఎంట పోవాలె. పిల్లను అత్తకు అప్పజెప్పి రావాలె. ఇగ మాటల్లేవు."

కులపెద్ద మాట కాదనడానికి లేదు. ఇసుక సంచి విప్పేసి, అనసూయ ఒడిమూటతో మొగుడి వెనుక కూర్చుంది. మొగిలమ్మ ముసుగు నుదుటిదాకా లాక్కుని తొట్టిలోకి దిగింది. ఆమె భారీ మనిషి. లారీ స్ప్రింగులు ఒక్కసారి కిర్రుమని, మొదటిసారిగా అణిగాయి. ఎల్లస్వామి కిక్కు కొట్టాడు. గ్లాసులు కదల్లేదు. మేక తల కూడా ఎత్తలేదు. బండి నూనెలో నడిచినట్టు సాగిపోయింది.

"మామా! స్ప్రింగులకు సరైన బరువు దొరికింది!" అని ఎల్లస్వామి సంతోషంతో కేకేశాడు.

"నన్నేనా అంటాండు?" అంది మొగిలమ్మ. తలుపు అందుబాటులో లేకపోవడంతో ఆ మాట నేరుగా అల్లునికే తగిలింది.

పరకాలలో లచ్చవ్వ దేవుని ముందు ముడి విప్పించి, బియ్యం చేటలో పోయించింది. చేట నిండి నేల మీదికి పొర్లింది. వెనక్కి వచ్చినప్పుడల్లా మొగిలమ్మ పోసిన దోసిళ్ళన్నీ అందులో ఉన్నాయి. "గిన్ని బియ్యమా వదినా! నీ చెయ్యి ఇంత పెద్దదని నాకు తెల్వదు. పిల్లను ఏ పండుగకైనా తోలుకపో," అంది లచ్చవ్వ కళ్ళొత్తుకుంటూ.

ఇక తిరుగు ప్రయాణం. వెనుక మనిషి లేకపోతే బండి తోక ఎగురుతుందన్నాడు ఎల్లస్వామి. ఒడిబియ్యం విప్పిన పూట అనసూయ గడప దాటకూడదు. "నేనొస్త తియ్‌రా. అంత పెద్ద చెయ్యున్న ఇల్లు నేనూ చూడొద్దా?" అని లచ్చవ్వ కొడుకు వెనుక ఎక్కి కూర్చుంది.

"పోయి రా అవ్వా," అని అనసూయ తల్లిని సాగనంపుతూ గడపలో నిలబడి ఏడ్చింది. గడపలో మిగిలినవాళ్ళకు వచ్చినంత ఏడుపు పోయేవాళ్ళకు రాదని మొగిలమ్మకు ఆ రోజే తెలిసింది. తమ్ముడు కూడా భీవండి పోయిన రోజు ఏడవలేదన్న సంగతి బండి ఊరు దాటాక గుర్తొచ్చింది.

వరంగల్‌లో ఎల్లస్వామి తొట్టిలో ఒక నూలు బేలు, వెనుక సీటు మీద ఒక నూలు బేలు వేసి తాళ్ళతో బిగించాడు. బరువు సరిగ్గా కుదిరింది. "ఇగ అమ్మకు జాగ లేదు మామా. మళ్ళొచ్చినప్పుడు తోలుకపోత," అన్నాడు.

"నాకేం ఫికర్ లేదు. ఎన్నిదినాలైనా ఉంట," అంది లచ్చవ్వ.

అన్నట్టే ఉంది. పొద్దున లేస్తూనే వంటకు తీసిన బియ్యం చేటలో పోసి చూసేది. "చెయ్యి పెద్దదంటే గిట్లనా వదినా, దుబారా!" అనేది. సిద్దిరాములు నేసిన జంపఖానాల అంచులు వంకరగా ఉన్నాయంది. మగ్గం చప్పుడుకు నిద్ర పట్టడం లేదంది. పరకాల నుంచి, బండి మళ్ళీ కమ్మరి దగ్గరుంది, కొత్త స్ప్రింగులు వేస్తున్నారు అని కబురొచ్చింది.

మర్నాడు మొగిలమ్మ టెంకాయ తీసుకుని పంతులు దగ్గరికి పోయింది. పరకాల ప్రయాణానికి అన్నిటికన్నా దగ్గరలో ఉన్న మంచిరోజు చూడమంది. శుక్రవారమైనా పరవాలేదని కూడా చెప్పింది.