అప్పాజీగారి మెడ కదలకూడదు

ఆ ఆదివారం పొద్దున్న వెంకటదుర్గ వేసుకున్న పథకం చాలా చిన్నది. తండ్రిని చెక్కకి కట్టడం, విప్పడం, ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని మినపరొట్టె తినడం. అంతే.

దుర్గ రాజమండ్రి కాలేజీలో అంబులెన్సు పని నేర్పే డిగ్రీ చదువుతోంది. దెబ్బతిన్నవాణ్ణి ప్రాణంతో ఆసుపత్రికి చేర్చే విద్య. మిగతావన్నీ బాగానే వచ్చాయి గానీ, మొన్న ప్రాక్టికల్సులో బల్లకి కట్టిన మనిషిని పక్కకి వంచగానే ముడి జారి, పేషెంటుగా పడుకున్న కుర్రాడు వెళ్ళి ఎగ్జామినరు కాళ్ళ మీద పడ్డాడు. సోమవారం మళ్ళీ అదే పరీక్ష. ఈసారీ తప్పితే చదువు మాని ఇంటికి వచ్చెయ్యమన్నాడు తండ్రి అప్పాజీ.

"దూడని కట్టినా నిలబడదు నీ ముడి. మనుషుల్నేం కడతావే?" అన్నాడు కాఫీ తాగుతూ.

"అందుకేగా నాన్నా, నిన్ను కట్టి చూసుకుంటానంటున్నాను."

అప్పాజీ కోపిష్టే గానీ కూతురంటే ప్రాణం. భార్య శ్యామలాంబ మండపేట పెళ్ళికి వెళ్ళింది, చూసి నవ్వేవాళ్ళెవరూ లేరన్న ధైర్యంతో వసారాలో పాత తలుపుచెక్క మీద వెల్లకిలా పడుకున్నాడు. దుర్గ న్యూస్‌పేపరు మడిచి ఆయన మెడ చుట్టూ పెట్టి పైన తువ్వాలు చుట్టింది. కాళ్ళకి వెదురు బద్దలు కట్టింది. తల్లి పాతచీర చింపి ఛాతీ దగ్గర, నడుం దగ్గర, మోకాళ్ళ దగ్గర చెక్కకి బిగించింది.

"నువ్విప్పుడు స్పృహ తప్పావు నాన్నా. మెడ కదపకూడదు, మాట్లాడకూడదు."

ఇంతలో ఒక సందేహం వచ్చింది. క్లాస్‌మేటు కౌముదిని అడగాలి. ఆ ఇంట్లో సెల్లుకి సిగ్నలు డాబా మీద తప్ప అందదు. దుర్గ డాబా ఎక్కింది. తెల్లారగట్ల లేచి చేనికి నీళ్ళు పెట్టి వచ్చిన అప్పాజీకి కింద కళ్ళు మూతలు పడ్డాయి. ఆయన గురక మామూలు గురక కాదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి సంపూర్ణమ్మ తోడుకి మజ్జిగ కోసం వచ్చింది. కట్లు చూసింది, బద్దలు చూసింది, ఆ గురక వింది.

"అయ్యో! అప్పాజీ అన్నయ్యగారికి ఎగశ్వాస పట్టేసిందర్రోయ్! దక్కేలా లేరర్రోయ్!"

ఆ కేక కాలవ అవతలికి కూడా వినబడింది. ఎవరో కొత్తగా వచ్చిన నూట ఎనిమిది బండికి ఫోన్ కొట్టారు. ట్రాక్టరు గుద్దిందన్నారు కొందరు. కాదు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడన్నారు ఇంకొందరు. చివరికి ట్రాక్టరు గుద్దితే ఎగిరి కొబ్బరిచెట్టుకి తగిలాడని రాజీపడ్డారు.

దుర్గ దిగి వచ్చేసరికి వాకిలి నిండా జనం. చేతుల్లో బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు.

"ఏం కాలేదండీ! రేపు నాకు పరీక్షండీ, ప్రాక్టీసు చేస్తున్నానండీ!"

ఆ ఊళ్ళో అనకూడని మాట అదే. రోగి చెవినపడేలా నిజం చెప్పడం అక్కడ మర్యాద కాదు. అందుకని, ఇంటివాళ్ళు ఏం కాలేదన్నారంటే చాలా అయిందని అర్థం. సంపూర్ణమ్మ దుర్గని గుండెలకి హత్తుకుని, "అవునమ్మా, ఏం కాలేదు. నువ్వే గట్టిగా ఉండాలి తల్లీ" అని బావురుమంది.

"నాన్నా, నువ్వైనా లేచి చెప్పు!" అని దుర్గ తండ్రి భుజం కుదిపింది. అప్పాజీ కళ్ళు తెరిచాడు. అదే క్షణంలో బొండాల గెల భుజాన వేసుకుని, ఏడుస్తూ గేటు తీశాడు చంద్రరావు. శ్యామలాంబ తమ్ముడు. చేను గట్టు దగ్గర తగాదా వచ్చి మూడేళ్ళుగా ఆ గుమ్మం తొక్కని మనిషి. అప్పాజీ చటుక్కున కళ్ళు మూసేశాడు.

"నాన్నా!" అంది దుర్గ పళ్ళ బిగువున.

"స్పృహ తప్పాను కదే" అని గొణిగాడాయన.

చంద్రరావు గెల పక్కన పడేసి బావ పాదాల దగ్గర కూలబడ్డాడు. "బావా! చిన్నప్పుడు నన్ను భుజానెక్కించుకుని తీర్థానికి తిప్పావు. అలాంటి నీతో మాట మానేశాను, పాపిష్టోణ్ణి! ఆ గట్టు నేనే జరిపాను బావా!"

అప్పాజీ మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అవి భుజం మాటకి వచ్చిన నీళ్ళు. గట్టు మాట బుర్రకెక్కడానికి కాస్త ఆలస్యమయింది.

"ఎన్ని మూరల్రా జరిపావు?"

పోయాడనుకున్న మనిషి అలా గర్జించేసరికి చంద్రరావు కెవ్వుమని వెనక్కి గెంతాడు. కాలు గెలలోంచి ఊడిన బొండం మీద పడింది. బొండం ఒకవైపు దొర్లింది, చంద్రరావు మెట్లవైపు దొర్లాడు. కింద కటుక్కుమంది.

అప్పాజీ లేవబోయాడు. ఆంబోతుని కొమ్ములు పట్టి ఆపిన మనిషి శక్తంతా పెట్టి గింజుకున్నాడు. చెక్క ఊగింది, పక్కకి ఒరిగింది. ఒక్క ముడి జారలేదు.

"విప్పవే దుర్గా!"

"కదలకు నాన్నా. ఇక్కడ నిజం పేషెంటున్నాడు."

దుర్గ అప్పటికే మేనమామ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "మావయ్యా, నన్నే చూడు. కాలివేళ్ళు కదుపు. ఎవరూ లేపకండి, నీళ్ళు పట్టకండి" అంది. ఇందాక ఒక్క మాటా వినని జనం ఇప్పుడు కిక్కురుమనకుండా విన్నారు. మిగిలిన బద్దలు పెట్టి, విరిగిన కాలు కదలకుండా కట్టింది.

బండి వచ్చింది. "పేషెంటెవరండీ?" అంటే జనం సగం అటు, సగం ఇటు చూపించారు. బండిలో వచ్చినతను చంద్రరావు కాలు పరీక్షించి, కట్టు తడిమి, "ఎవరు కట్టారండీ దీన్ని? దీని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు.

"మా అమ్మాయండి!" అని వసారాలోంచి చెక్క అరిచినట్టు వినబడింది. "దూడేంటండీ, ఆంబోతైనా కదల్లేదు! ఇదిగో, నన్ను చూడండి!"

నలుగురు పీకినా రాని ముడి, దుర్గ ఒక కొస లాగగానే విడిపోయింది.

"రేపు పరీక్ష పోతే నాన్నా?" అంది నెమ్మదిగా.

"పోతే మళ్ళీ రాస్తావు. పేషెంటుగా నేనే వచ్చి పడుకుంటాను" అన్నాడు అప్పాజీ. కూతురి తల నిమిరి, వెళ్ళి బండిలో బావమరిది చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు, ఎన్ని మూరలని అడగడమూ మానలేదు.

సోమవారం దుర్గ పాసయింది. జరిపింది రెండు మూరలని ఒప్పుకుని, కాలు అతుక్కున్నాక గట్టుని తనే వెనక్కి జరుపుతానన్నాడు చంద్రరావు. జరపడంలో అతనికి అనుభవం ఉంది.