దేముడమ్మ కడిగిన జెల్లలు

2004 మే నెలలో ఆ ఉదయం ధనశ్రీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది జెల్ల చేపల ఒంటిమీది జిగురు గీకి, అది పుండ్లలో పెరిగే సూక్ష్మజీవుల్ని చంపుతుందో లేదో వాటిని పెంచే గాజు ప్లేట్లలో చూడాలి. మూడు వారాలుగా చూస్తూనే ఉంది, ఒక్కటీ చావలేదు. ఈసారీ అంతే అయితే ఎల్లుండితో ఈ పని మూసేస్తామని ల్యాబు పెద్ద అనూరాధ మేడమ్ చెప్పేశారు. పని లేకపోతే చదువుకి కావాల్సిన ప్రాజెక్టు సర్టిఫికెట్టూ లేదు. జాలారిపేటలో తమ వీధి నుంచి ల్యాబు గడప తొక్కిన మొదటి పిల్లకి అదెంత దెబ్బో వేరే చెప్పాలా!

చేపల్ని ఐసు ట్రేలో పెట్టి ధనశ్రీ ప్లేట్ల కోసం పై అంతస్తుకి వెళ్లింది. సరిగ్గా అప్పుడే, రేవులో చేపలమ్మే ఆమె తల్లి దేముడమ్మ క్యారేజీతో వచ్చింది. కూతురికి చోటిచ్చిన మేడమ్‌కి ఓ దణ్ణం పెట్టి పోదామని పాపం ఆవిడ ఉద్దేశం. ట్రే చూడగానే మనసు చివుక్కుమంది.

"ఇదేటి సింహాద్రీ! జెల్లలు కడక్కుండా ఇలాగొగ్గేసిందేటి మా గుంట? మేడమ్ సూత్తే మా పరువేటవుద్ది?" అని అటెండరుని నిలదీసింది.

సింహాద్రి పన్నెండేళ్లుగా ఆ ల్యాబుకి బజారు నుంచి చేపలు తెస్తున్నాడు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. "నానూ అదే అనుకుంతన్నానమ్మా," అంటూ క్యాంటీన్ నుంచి రాళ్లుప్పు, కత్తిపీట తెచ్చిచ్చాడు. ఆవిడ జెల్లల్ని తెల్లగా తోమి, ముక్కలు కోసింది. కోశాక పాడైపోతాయని అతనే పొయ్యి కూడా చూపించాడు.

ధనశ్రీ దిగేసరికి ట్రే ఖాళీ. "అమ్మా, నా సేపలేవీ?"

"ఉడుకుతన్నాయే. మేడమ్‌కీ ఓ గిన్నె తీసుంచుతాను."

పులుసు వాసన పట్టుకుని మేడమే వచ్చేశారు. ధనశ్రీ భోరుమంది. "ఆ జిగురే కావాలమ్మా మాకు! నా సర్టిఫికెట్టు పోయింది!"

దేముడమ్మ బిక్కచచ్చిపోయింది. ఆ వెంటనే గరిటె పక్కన పెట్టి కోప్పడింది.

"జిగురు కావాలంటే బజార్లో కొంటారేటి? అమ్మకానికెట్టే ముందు రెండుసార్లు కడిగేత్తాం కదే! హాస్టల్లో సదివితే ఇదీ మర్సిపోతారేటి? ఇన్నాళ్లూ నువ్వు గీకింది ఐసు నీళ్లు!"

కడగని జెల్లలు దొరుకుతాయా అని మేడమ్ ఆవిడనే అడిగారు.

మధ్యాహ్నం పడవ ఒడ్డు తగలగానే దేముడమ్మ బకెట్టెడు సముద్రపు నీళ్లలో బతికున్న జెల్లల్ని తెచ్చింది. వాటి జిగురు గీకి ప్లేట్లలో వేసి మర్నాడు చూస్తే ప్రతి చుక్క చుట్టూ సూక్ష్మజీవులు చచ్చి రూపాయి బిళ్లంత ఖాళీ! ధనశ్రీ తల్లిని వాటేసుకుని మళ్లీ ఏడ్చింది. దణ్ణం పెట్టడానికి వచ్చిన మనిషికి మేడమే చేతులు జోడించారు.

"మీరు రాకపోతే ఇంకా ఐసు నీళ్లే పరీక్ష చేస్తుండేవాళ్లం, దేముడమ్మగారూ."

"ఊరుకోండమ్మా. మా గుంటకి కుర్సీ ఏసి కూకోబెట్టినారు. ఆ రునం తీరేదా?"

రిపోర్టు చివర కృతజ్ఞతల్లో దేముడమ్మ పేరు మొదట వచ్చింది. రెండో పేరు సింహాద్రిది. ఉప్పు తెచ్చినందుకని మాత్రం రాయలేదు.