భ్రమ పడడానికి పర్మిషన్

“ఇకమీదట కోలార్ జిల్లాలో ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ భ్రమ పడరాదు,” అని డాక్టర్ నాగేంద్రప్పగారు చాంపియన్ రీఫ్స్ గని కాలనీ హాల్లో ప్రకటించినారు. మేము చప్పట్లు కొట్టినాము. హాలు పక్కనే నా చిల్లరంగడి. సోడాలు సప్లై చేసింది నేనే కాబట్టి ముందు వరసలో నిలబడే భాగ్యం నాకు దక్కింది.

ఆయన మామూలు మనిషి కాదు. బెంగళూరు పేపర్లో రిపోర్టరుగా ఉన్నప్పుడు చూడనివి కూడా చూసినట్టు రాసేవారు. ఆ ప్రతిభ గుర్తించి ఒక యూనివర్సిటీ, లేనివి కనిపించేట్టు చేసే పుట్టగొడుగుల మీద రీసెర్చికి పిలిపించుకుంది. ఇప్పుడు అట్లాంటి మత్తు పదార్థాల పాలసీ కమిటీకి ఆయనే ఛైర్మన్.

మొదటి కేసు అక్కయమ్మది. వానలు పడితే ఆవని గుట్టల్లో పుట్టగొడుగులు ఏరుకొచ్చి నా అంగడి ముందర అమ్ముకుంటాది. పోలీసులు గంపతో పాటు ఆమెను కూడా తెచ్చి స్టేజీ కింద కూర్చోబెట్టినారు.

“ఇవి తింటే ఏమవుతాదమ్మా?” అని డాక్టరుగారు అడిగినారు.

“ఆకలి తీరతాది సామీ.”

ఆయన ‘సైడ్ ఎఫెక్ట్’ అని రాసుకున్నారు. “తిన్నోళ్లు ఎవరైనా ఉండారా?”

మారప్ప లేచినాడు. మా ఊరి బంగారు గని మూతపడేదాకా లోపల డ్రిల్లింగు చేసిన మనిషి.

“రాత్రి తిన్నాను సార్. పడుకుంటే గని మళ్లీ తెరిచినారు. సైరన్ మోగింది. పాత దోస్తులంతా వచ్చినారు. అందరం లిఫ్టులో కిందికి దిగినాము.”

డాక్టరుగారి కళ్లు చెమ్మగిల్లినాయి. “స్వచ్ఛమైన భ్రమ. ఇన్నేళ్ల రీసెర్చిలో ఇంత క్లియర్ కేసు చూడలేదు. వెంటనే బ్యాన్ చేయండి. ఈమెను స్టేషనుకు తీసుకుపోండి.”

“నాకు ఇదొక్కటే బతుకు సామీ,” అన్నది అక్కయమ్మ.

అప్పుడు పక్క కుర్చీలోని పార్టీ లీడరు జయరాం గొంతు సవరించుకున్నాడు. “డాక్టర్ సార్, గని తెరుస్తామని పోయిన ఆదివారం మీటింగులో చెప్పింది నేనే.”

“అయితే?”

“అది భ్రమ అని మీరు రాసిస్తే, నన్ను కూడా ఈ అమ్మ పక్కన కూర్చోబెడతారా?”

డాక్టరుగారు ఒక సోడా తాగినారు. ఆయనలోని రిపోర్టరు, రీసెర్చరు, ఛైర్మన్ ముగ్గురూ మాట్లాడుకుంటున్నట్టు కనిపించింది. ఇంకో సోడా అందించినాను.

చివరికి లేచి నిలబడినారు. “మారప్ప చూసింది భ్రమ కాదు. ప్రభుత్వ పథకం. పుట్టగొడుగుల తప్పేమీ లేదు.”

జయరాం అక్కయమ్మకు శాలువా కప్పి ఫోటో దిగినాడు. ఆమె గంపెత్తుకొని నా అంగడి ముందరికి వస్తే, “మారప్ప తిన్నవే ఇయ్యమ్మా,” అని జనం ఎగబడినారు. గంట లోపల గంప ఖాళీ.

మరుసటి పొద్దున నేను అంగడి తెరిచేసరికి, మారప్ప పాత హెల్మెట్టు పెట్టుకొని, టిఫిన్ క్యారియరు పట్టుకొని అంగడికి అవతలుండే గని గేటు ముందర నిలబడి ఉండాడు.

“యాడికప్పా?” అని వాచ్‌మన్ అడిగినాడు.

“షిఫ్టుకి. భ్రమ కాదని గవర్నమెంటే చెప్పింది కదా. గేటు తియ్యి.”

మారప్ప వెనక జనం వరస అప్పటికే నా అంగడి దాటిపోయింది.