సెలవడగని అద్దం

శ్రావణమాసం రెండో శనివారం పొద్దున మంజుల వేసుకున్న పథకం చాలా చిన్నది. ధర్మవరంలో తన పెదనాయన పట్టుచీరల దుకాణంలో ఒక అద్దం పెట్టె నిలబెట్టాలి. సాయంత్రం దాకా దాని ముందుకొచ్చినవాళ్ళు ఏం మాట్లాడతారో రాసుకోవాలి. సోమవారం ఆ కాగితాలు బెంగళూరు ఆఫీసులో ఇవ్వాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఆమె అనుకుంది. చదువుకున్నవాళ్ళకు ఈ ధైర్యం ఒకటి ఉంటుంది.

మనుషులు యంత్రాలతో ఎలా మసలుకుంటారో చూసి, యంత్రాల తీరును దానికి తగినట్టు దిద్దడం మంజుల ఉద్యోగం. ఈ అద్దం ఆమె సొంత ఆలోచన. బీరువా అంత చెక్క పెట్టె, ముందు నిలువెత్తు తెర. ముందు నిలబడితే మనం కనిపిస్తాం, అడిగిన చీర మన ఒంటిమీద పడుతుంది. బొమ్మ పడేదాకా పని పూర్తయింది. అడిగింది అర్థం చేసుకుని బదులు చెప్పే తెలివి మాత్రం ఇంకా తయారు కాలేదు, దానికి ఏడాది పడుతుంది. అంత శ్రమ పడేముందు జనం ఎలా వాడతారో తెలుసుకోవాలంటే ఆ వృత్తిలో ఒక పాత ఉపాయం ఉంది. లోపల ఒక మనిషిని కూర్చోబెట్టి, మిషనే మాట్లాడుతోందని నమ్మించడం. దానికి ప్రోటోటైప్ అని మర్యాదైన పేరు కూడా ఉంది.

ఈ ప్రోటోటైప్ లోపల కూర్చోవాల్సిన మనిషి సుంకప్ప. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ దుకాణంలో చీరలు పరిచి చూపిస్తున్నవాడు.

"మూడే మాటలు, సుంకప్ప మామా," అని మంజుల కాగితం చేతిలో పెట్టింది. "నమస్కారం. ఏ రంగు కావాల. ఈ చీర మీకు బాగుంటుంది. తెర సందులోంచి చూసి, అడిగిన రంగు మీట నొక్కు. అంతకుమించి నోరు తెరవద్దు. ఏం జరిగినా బయటికి రావద్దు."

"సరే పాపా. ఇది బాగా ఆడితే నిజం మిషన్ చేస్తారా?"

"చేస్తారు."

"అది వచ్చినాక నేను యాడికి పోవాల?"

మంజుల పెట్టెలో చిన్న ఫ్యాను సరిచేసింది. సుంకప్ప ఆ ఫ్యాను వంక కాసేపు చూశాడు. ఆమె మూడేళ్ళప్పుడు ఇదే దుకాణంలో చీరల మడతల మధ్య నిద్రపోతే భుజాన వేసుకుని ఇంటికి చేర్చినవాడు. కాదనలేక తలవంచి లోపల దూరాడు.

పెదనాయన గోవిందరాజులుకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే పరీక్ష పొద్దున ఎనిమిదింటికే ముగిసిపోతుంది. ఆయన కడుపులో మాట దాగదు. ఇంటి బీరువా తాళంచెవి ఎక్కడ దాచాడో బజారు బజారంతటికీ తెలుసు. కాబట్టి సుంకప్ప పెనుకొండలో చుట్టాలింటి కార్యానికి సెలవు పెట్టి పోయాడని, అద్దం తనంతట తానే మాట్లాడుతుందని చెప్పారు.

"శ్రావణ శనివారం సెలవా!" గోవిందరాజులు గద్దె మీద నుంచి లేచాడు. "ఊరంతా చీరలకు వస్తాంటే వాడు పెనుకొండలో పాయసం తాగుతాండాడా! చూడు మంజులా, మిషన్ సెలవడుగుతాదా? అడగదు. అందుకే అది మిషన్."

మిషన్ లోపల నుంచి చిన్న దగ్గు వినిపించింది. ఫ్యాను శబ్దమని మంజుల సర్దిచెప్పింది.

మొదటి బేరం బత్తలపల్లి కదిరమ్మది. కొత్తింటి గృహప్రవేశం, వచ్చే గురువారం. అద్దం ముందు నిలబడి కొంగు సర్దుకుంది.

"నమస్కారం," అంది అద్దం.

కదిరమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎంతో వినయంగా, "నమస్కారమప్పా. లేత గులాబి రంగు చూపించు," అంది.

సుంకప్ప చేతిలో మంజుల ఇచ్చిన కాగితం ఉంది. మూడో మాట చదివితే సరిపోయేది. ఆ మాట ఆయనకు కొత్తది కూడా కాదు. కొనేవాళ్ళు ఏ చీర ముట్టుకున్నా "మీకోసమే నేసినట్టుండాదమ్మా" అనాలని గోవిందరాజులు పెట్టిన చట్టం ప్రకారం ఇరవై ఎనిమిదేళ్ళుగా అంటున్నదే. కానీ ఈ రోజు యజమాని కళ్ళు ఆయన మీద లేవు. పెట్టెలో చీకటిగా ఉంది. మనిషికి ఎక్కడలేని స్వేచ్ఛ వచ్చేసింది.

"లేత గులాబి నీకు నప్పదు కదిరమ్మా. పోయిన ఉగాదికి కొనుక్కపోయి, వారం తిరక్కుండానే మీ వదినకు ఇచ్చేస్తివి. వంకాయ రంగు చూడు. అంచు చిన్నది తీసుకో. పెద్దంచు కడితే నువ్వు కనపడవు, అంచే కనపడతాది."

మంజుల పెట్టె మీద వేలితో తట్టింది. గోవిందరాజులు ముఖం తెల్లబోయింది, బేరం పోయిందనే అనుకున్నాడు. కదిరమ్మ మాత్రం తెర మీద వంకాయ రంగులో తనను తాను అటూ ఇటూ తిరిగి చూసుకుంది. ఆ చీర తీసుకుంది. వదినకొకటి, ఆడబిడ్డకొకటి అదే అద్దాన్ని అడిగి తీసుకుంది. బయటికి పోయి ఫోన్ చేసింది.

ఇక చూడండి. పదకొండుకల్లా బత్తలపల్లి ఆటోలు దిగాయి. పన్నెండుకు కొత్తచెరువు వాళ్ళు వచ్చారు. లేపాక్షి గుడి చూసి ఇంటికి పోవాల్సిన ఒక కుటుంబం దారి మార్చుకుని మరీ వచ్చింది. అద్దం ఒకామెకు ఈ జరీ మూడేళ్ళకే నల్లబడుతుందని చెప్పింది. ఇంకొకామెను ఇంత దుడ్లు చీరకు పోయొద్దు, ఇంట్లో పిల్లోడి ఫీజు ఉందని మందలించింది. చెప్పించుకున్నవాళ్ళు చెప్పించుకున్నట్టే ఇంకో చీర కొనుక్కుని పోతున్నారు. పోయేముందు మంజుల ఇచ్చిన ప్రశ్నల కాగితాల మీద "మిషన్ బాగుందా?" అనే ప్రశ్న దగ్గర ప్రతి ఒక్కరూ బాగుందనే టిక్కు పెట్టారు.

గోవిందరాజులు కాళ్ళు నేల మీద నిలవలేదు. హిందూపురంలో దుకాణమున్న బావమరిది హనుమంతరాయుడికి ఫోన్ చేసి, ఉన్నపళాన బయల్దేరి రమ్మన్నాడు. ఆయన రెండు గంటలకు వచ్చి ఒక మూల నిలబడి, చేతులు కట్టుకుని అద్దం మాటలు విన్నాడు. గోవిందరాజులు ఆనందం పట్టలేక, జనం మధ్యలో, సరిగ్గా అద్దం ముందు నిలబడి ప్రకటించేశాడు.

"చూస్తివా బావా! ఇంక ఆ సుంకప్పతో నాకు పనిల్యా. సోమవారం వాడు వస్తానే లెక్క చూసి ఇంటికి పంపిస్తా. ముసలోడికి కండ్లూ ఆనవు, కాళ్ళూ ఆడవు."

ఆ వెంటనే ఒకామె చిలకపచ్చ అడిగింది. అద్దం పలకలేదు. మళ్ళీ అడిగింది. పలకలేదు. ఇంకొకామె నమస్కారం పెట్టింది. తెర మీద ఆమె ఒంటిమీద ఇందాకటి పసుపు చీరే ఉండిపోయింది.

లోపల సుంకప్ప చేతిలో కాగితం నలిగిపోయింది. కోపం కాదది. కళ్ళు ఆనవన్న మాట నిజమే, ఈ మధ్య సూది బెజ్జం కనబడటం లేదు. కానీ ఆ కళ్ళు ఎవరి దుకాణంలో పోయాయి? ఆ నలిగిన కాగితంతోనే కళ్ళు ఒత్తుకున్నాడు.

"వేడెక్కింది!" అని గోవిందరాజులు అరిచి, ఎదురు దుకాణంలో ఫ్యాన్లు బాగుచేసే రహీమ్‌ను కేకేశాడు. రహీమ్ స్క్రూడ్రైవర్‌తో పెట్టె వెనక్కి నడిచాడు.

"తెరవద్దు! తెరిస్తే గ్యారంటీ పోతాది!" మంజుల అడ్డంపడింది.

"తెరవను అక్కా, సందులోంచి చూస్తాలే," అని రహీమ్ సందులో కన్ను పెట్టాడు. లోపల నుంచి రెండు తడి కళ్ళు ఆయన్ను చూశాయి. రహీమ్ కదల్లేదు, ఉలిక్కిపడలేదు. కాసేపటికి లేచి చేతులు దులుపుకుని, "అంతా బాగానే ఉండాది సామీ. కొంచెం మనసు... కొంచెం మోటరు వేడెక్కింది. ఒగ చెంబు మజ్జిగ తెప్పించండి," అన్నాడు.

"మిషన్‌కు మజ్జిగెందుకప్పా?"

"నాకు సామీ. ఎండలో వచ్చినా గదా."

మజ్జిగ వచ్చింది. రహీమ్ దాన్ని తీసుకుని పెట్టె వెనక్కే పోయి తాగాడు. తాగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

అయినా అద్దం పలకలేదు. జనం గుసగుసలాడుతున్నారు, బావమరిది ముందు పరువు పోతోంది. గోవిందరాజులు చివరికి మళ్ళీ అద్దం ముందుకొచ్చి, రెండు చేతులూ జోడించాడు.

"ఏమి తక్కువ చేస్తి నీకు? ఏం కావాలో చెప్పు. అందరి ముందరా అడుగుతాండా."

లోపల నుంచి గొంతు సవరించుకున్న శబ్దం. తర్వాత నెమ్మదిగా ఒక్క మాట.

"సుంకప్పను తీసేస్తే నేను కూడా పోతా."

గోవిందరాజులు రెండడుగులు వెనక్కి వేశాడు. "వానికీ నీకూ ఏం సంబంధం?"

"ఇద్దరం ఒగ దుకాణంలోనే పనిచేస్తాండాం. వాడు చీరలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నోడు. వాడు లేని చోట నేను పలకను."

గోవిందరాజులు చుట్టూ చూశాడు. పొద్దున్నుంచీ పోకుండా చాప మీద కూర్చున్న కదిరమ్మ చూస్తోంది. పది పదిహేనుమంది ఆడవాళ్ళు చూస్తున్నారు. చేతిలో మజ్జిగ చెంబుతో రహీమ్ చూస్తున్నాడు.

"తీయను," అన్నాడు గోవిందరాజులు. "వాడంతట వాడు చాలనేదాకా వాడు ఈడనే ఉంటాడు. ఇంతమంది ముందర చెప్తాండా. మాట తప్పితే ఈ దుకాణం గడప ఎవరూ తొక్కొద్దండి."

"చిలకపచ్చ అడిగినారు గదా, ఎవరమ్మా?" అంది అద్దం.

సాయంత్రం గోవిందరాజులు బావమరిదిని కారు దాకా సాగనంపడానికి బయటికి పోయినప్పుడు, కదిరమ్మ సంచులు సర్దుకుని లేచి అద్దం దగ్గరికొచ్చింది. తెరకు నోరు దగ్గరగా పెట్టి, "సుంకప్పన్నా, ఇంక బయటికి రా. మధ్యాన్నం అన్నం కూడా తినల్యా," అంది.

మంజుల చేతిలో కాగితాలు జారి కిందపడ్డాయి. "నీకెప్పుడు తెలిసింది అత్తా?"

"నమస్కారం అన్నప్పుడే. ఇరవయ్యేండ్లుగా వింటాండే గొంతు తెలీదా పాపా? నాకే కాదు, అందరికీ తెలుసు. ఫోన్‌లో నేనే చెప్తి, సుంకప్ప పెట్టెలో కూర్చోని నిజాలు చెప్తాండాడు, బిరబిరా రండని."

"మరి నాతో చెప్పలేదే! ఆ టిక్కులన్నీ..."

"నువ్వు అంత కష్టపడి పెట్టె చేసుకునుంటివి. ముఖం మీద చెప్తే నీకు బాధ గదా," అంది కదిరమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "బయట నిలబడితే ఈ మనిషి అన్నిటికీ బాగుండాది బాగుండాది అంటాడు. ఆ గులాబి చీర కూడా అట్లే అంటగట్టె. ఈ పొద్దే మాకు సరిగా చీర చూపించినాడు."

రాత్రి హనుమంతరాయుడు హిందూపురం చేరి మంజులకు ఫోన్ చేశాడు. "పాపా, పెట్టె మాకొద్దులేమ్మా. సుంకప్పను ఎప్పుడన్నా తీసేస్తే మాత్రం మొదట నాకు చెప్పు."

సోమవారం పొద్దున సుంకప్ప పెనుకొండ నుంచి వచ్చినట్టు సంచి పట్టుకుని, తల వంచుకుని గడప దాటాడు. అద్దం పెట్టె అప్పటికే బెంగళూరు పోయింది. గోవిందరాజులు ఆయన్ను కింది నుంచి మీదికి ఒకసారి, మీది నుంచి కిందికి ఒకసారి చూశాడు.

"కూర్చో సుంకప్పా. నువ్వు లేనప్పుడు ఈడ పెద్ద మిషన్ వచ్చినింది. నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పిందిలే. అది చూడకుండానే నీ నడుం సంగతి కనిపెట్టింది, నేను రోజూ చూస్తా కూడా కనుక్కోల్యా. ఇంక మోతలు చేయొద్దు, స్టూలేసుకోని కూర్చో." తర్వాత గంభీరంగా, "ఇంకోటి. ఆ మిషన్ ఎట్ల మాట్లాడిందో నువ్వూ అట్ల మాట్లాడేది నేర్చుకో. నప్పకపోతే నప్పలేదని చెప్పు. జనానికి అదే కావాలంట," అన్నాడు.

"నాకు చేతనైతాదో లేదో సామీ," అన్నాడు సుంకప్ప, కళ్ళు తుడుచుకుంటూ. "నేర్చుకుంటా."

అదే సమయానికి బెంగళూరులో మంజుల ఒంటరిగా కూర్చుని నివేదిక పూర్తి చేస్తోంది. వాడినవాళ్ళు ముప్పై ఒక్కమంది. బాగుందన్నవాళ్ళు ముప్పై ఒక్కమంది. అది నిజంగా మిషనేనని నమ్మినవాళ్ళు ఎందరన్న ఆఖరి గడి దగ్గర ఆమె చాలాసేపు పెన్ను కొరుక్కుంది. తర్వాత "ఒకరు" అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో "దుకాణం యజమాని" అని చేర్చింది.